అతుకుల మరిగె

తెలుగున అతుకు అను మాటకు మర్యాద తక్కువ. అతుకుల బొంత, అతుకుల బ్రతుకు, అతుకులు వేసిన కథ అని ఎచ్చట విన్నను ఆ మాటలో కొంత లోపము, కొంత లేమి తోచుచునే యుండును. ఏకశిలావిగ్రహమనగానే చూడవచ్చినవాడు చేతులు జోడించును. రెండు రాళ్లు కలిపి చెక్కినదన్నచో అంతే గదా యని ముందునకు సాగిపోవును. కొయ్యపని విషయమున లోకము తీర్పు ఇట్టిదే. ఒకే మానునుండి తొలిచి తీసిన పాత్ర ఘనమైనదనియు, పలకలు అతికి చేసినది దాని ముందు తీసికట్టనియు మనము తలంతుము. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఆ తలంపును కొంచెము కదిలించు చరిత్ర. పాశ్చాత్యుల భోజనపుబల్లపై నడుమ నుంచెడు పెద్ద కొయ్యగిన్నె యొకటి కలదు. అది ఒంటి దుంగనుండి పుట్టి, ఒంటి దుంగతోనే కొన్ని వందల యేండ్లు సాగి, తరువాత అతుకుల వలననే చెట్టు లావుతో పని లేకుండ పెరుగగలిగినది. అతుకుట యనునది లేమిని కప్పిపుచ్చుకొను ఉపాయము కాదనియు, కొయ్య స్వభావమును బాగుగ నెఱిగినవాడు మాత్రమే నిలుకడగా చేయగల పని యనియు ఆ గిన్నె కథ వలన తెలియును.

దాని పేరు సలాడ్ గిన్నె. సలాడ్ అనగా పచ్చి ఆకుకూరలు, దోసకాయ, టొమాటో మున్నగువానిని ముక్కలు చేసి నూనె, వెనిగర్, ఉప్పు చేర్చి తినెడు వంటకము. మన కోసంబరికి దూరపు చుట్టము. నలుగురైదుగురికి సరిపడు ఆకును బల్లపై చిమ్మిపోకుండ పైకిని క్రిందికిని కలుపవలెనన్నచో గిన్నె వెడల్పుగ నుండక తప్పదు. అందుచే పెద్ద సలాడ్ గిన్నె వ్యాసము 35 మొదలు 45 సెంటీమీటర్ల వఱకు నుండును. పులుపు, ఉప్పు తగిలిన లోహము చాలవఱకు చెడును. కొయ్యకు ఆ భయము లేదు. మన యిండ్లలో ఉప్పునకు కొయ్యమరిగెను వాడుట ఈ యెఱుకతోనే వచ్చిన అలవాటు. మరిగె యను ఆ పాత మాట చక్కగ నున్నది గనుక దానినే ఈ గిన్నెకు పెట్టుకొంటిమి.

గుండ్రని కొయ్యపాత్రను చేయు సాధనము తరిమెన. ఇప్పటివారు లేత్ అందురు. కుమ్మరిసారెకును తరిమెనకును పోలిక యున్నట్లు కనబడును గాని పని తీరు వేఱు. సారెపై మట్టిని లేపి పెంచుదురు. పొరపాటు వచ్చినచో ముద్ద చేసి మరల మొదలిడుదురు. తరిమెనపై కొయ్యను తీసి తగ్గింతురు. ఒకసారి లేచిపోయిన పొర తిరిగిరాదు. ఈజిప్టు దేశమున తూనా ఎల్ గెబెల్ అనుచోట పెటోసిరిస్ అను పూజారి సమాధి కలదు. క్రీ.పూ. 300 ప్రాంతమునాటి ఆ కట్టడపు గోడపై తరిమెన బొమ్మ చెక్కియున్నది. నేటివఱకు దొరికిన తరిమెన చిత్రములలో అదియే మిక్కిలి ప్రాచీనమని పండితులు చెప్పుదురు. అందొకడు పట్టెడను లాగుచుండ, రెండవవాడు ఉలిని పట్టుకొనియుండును.

ధ్వనియే సాధనమైన మేము శ్రోతలకు ఆ బొమ్మను చూపలేము. కాని చూపవలసిన పనియు లేదు. మజ్జిగకవ్వమును తలచుకొన్న చాలును. తాటిని ఒక చేత లాగిన కవ్వము ఒకవైపు తిరుగును, రెండవ చేత లాగిన వెనుకకు తిరుగును. తొలినాటి తరిమెన అచ్చముగ అంతే. కొయ్య తనవైపు తిరిగినపుడే ఉలి తెగును. వెనుకకు తిరుగునపుడు పనివాడు ఉలిని వెండ్రుకవాసి యెడముగ తీసి ఊరకుండవలెను. పనిలో సగము కాలము ఈ ఊరకుండుటయే. ఐరోపాలో రెండవ మనిషి అక్కఱలేకుండ ఒక ఉపాయము పన్నిరి. పైన సాగుడు గల పొడవైన గడ, క్రింద కాలితో తొక్కు పలక, రెంటిని కలుపుచు తాడు. ఆ తాడు కొయ్యను బిగించిన ఇరుసునకు చుట్టుకొనియుండును. కాలితో తొక్కగా గిన్నె ముందునకు తిరుగును. కాలు సడలింపగా గడ పైకి లేచి తాటిని వెనుకకు లాగుకొనును. దీనిని గడతరిమెన యందము. మధ్యయుగమున ఇంగ్లండు సామాన్యుడు ఎక్కువగ దీనిపై చేసిన గిన్నెలలోనే తిని త్రాగెను. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అను యుద్ధనౌకను 1982లో పైకి తీసిరి. ఆ నౌకను వెలికి తీయు పనిలో నావికులు వాడుకొన్న కొయ్యగిన్నెలును, పళ్లెములును దొరికినవి.

ఈ విద్యకు ఇంగ్లండున వంశపారంపర్యముగ మిగిలిన తుదివాడు జార్జి లేలీ. అతడు 1869లో పుట్టెను. బర్క్‌షైర్ మండలమున బకల్బరీ గ్రామసమీపమునందు టర్నర్స్ గ్రీన్ అనుచోట అతని పనిపాక యుండెడిది. తరిమెనవాండ్ర పచ్చిక యని ఆ పేరునకు అర్థము. ఊరి పేరే వృత్తిని చాటుచున్నది. తాతల నాటినుండి వచ్చిన గడతరిమెనపై అతడు జీవితాంతము గిన్నెలు చేసెను. ఎచ్. వి. మోర్టన్ అను రచయిత 1927లో వెలువరించిన తన ఇంగ్లండు యాత్రాగ్రంథమున అతనిని గూర్చి వ్రాసినందున ఆ మారుమూల పాకకు పేరు వచ్చినది.

లేలీ వాడిన కొయ్య ఎల్మ్. మన నెమలినార చెట్టు ఆ వంశములోనిదే. ఎల్మ్ కొయ్యలో నారలు పెనవేసుకొనియుండుటచే అది సులువుగ చీలదు. గిన్నెకు అంతకంటె ఏమి కావలెను? అతని నేర్పు ఎచ్చట నున్నదో తెలియుటకు మనము చిన్న లెక్క వేయవలెను. 40 సెంటీమీటర్ల వెడల్పు, 12.5 సెంటీమీటర్ల ఎత్తు గల గిన్నె కావలెననుకొందము. దానికి 40 సెంటీమీటర్ల చదరము, 12.5 సెంటీమీటర్ల ఎత్తు గల మొద్దు వలయును. ఘనపరిమాణము 20,000 ఘన సెంటీమీటర్లు. గట్టి కొయ్య ఎండిన పిదప ఘన సెంటీమీటరునకు సుమారు 0.7 గ్రాము తూగును గనుక మొద్దు బరువు 14 కిలోలు. ఒక సెంటీమీటరు మందమున గిన్నె తయారైన పిమ్మట తూచినచో కిలోంబావు. అనగా పదింట తొమ్మిది పాళ్లు పొట్టయి నేలపాలగును. గంధపుచెక్క వలె తూచి అమ్మవలసిన పెద్ద కొయ్యను పొయ్యిలో పెట్టుట యన్నమాట.

లేలీ పూర్వులకు ఈ లెక్క నోటికి తెలియకపోయినను చేతికి తెలియును. వారు కొక్కెమువలె వంగిన పొడవు ఉలులను చేసికొని, ఒకే మొద్దునుండి గిన్నె లోపల గిన్నెను, దాని లోపల మరియొకదానిని ఉల్లిపొరలవలె విడదీయుచుండిరి. కొక్కెపు మొన లోపల ఎచ్చట నున్నదో పనివానికి కనబడదు. చేతికి తగులు అదరు, చెవికి తగులు ధ్వని, ఇవియే త్రోవ చూపును. గోడ మందము కొంచెము తప్పినచో రెండు గిన్నెలును పాడగును.

1958లో లేలీ మరణించెను. అతని యనంతరము ఆ పాకలో పని సాగించువాడు లేకపోయెను. తరిమెనను, పనిముట్లను రెడింగ్ నగరమందలి గ్రామీణజీవన ప్రదర్శనశాల భద్రపఱచినది. ఇచ్చట మేము కొంచెము నిలువదలచితిమి. ప్రదర్శనశాలలో కొక్కెపు ఉలి వంపు చూడవచ్చును, పొడవు కొలువవచ్చును. కాని దానిని ఏ కోణమున పట్టిరో, తొక్కుడును ఎంత మెల్లగ వదలిరో, కొయ్య పచ్చిగ నుండగనే ఏ మాత్రము తీసి ఎన్ని వారములు ఆరబెట్టిరో ఇనుము చెప్పదు. 1990ల దశకమున రాబిన్ వుడ్ అను ఆంగ్లేయుడు ఆ పనిముట్లను పరిశీలించి, తాను స్వయముగ కొక్కెములను కొలిమిలో కాచి సాగగొట్టుకొని, తప్పి తప్పి నేర్చుకొని గడతరిమెన విద్యను తిరిగి నిలబెట్టెను. 2009లో అతనికి ప్రభుత్వ బిరుదము వచ్చినది. ముప్పది యేండ్లకు పైగ చూచి నేర్చుకొనుటకు మనిషి లేకుండ పోయిన విద్య మరల చేతికి వచ్చుట అరుదు. వచ్చునప్పటికి అసలు కొయ్య పోయినది. 1960ల చివరను ఉత్తర అమెరికానుండి దిగుమతియైన ఎల్మ్ దుంగలతో కూడ వచ్చిన శిలీంధ్రరోగము బ్రిటనులో 2 కోట్ల 50 లక్షలకు పైగ ఎల్మ్ చెట్లను పొట్టనబెట్టుకొన్నది. లేలీ చేసినట్టి పెద్ద ఎల్మ్ గిన్నెకు దుంగయే లేదు.

పెద్ద దుంగ దొరికినంత మాత్రమున కష్టము తీరునా? తీరదు. కొయ్య ఆరునపుడు ముడుచుకొనును. ముడుచుకొనుటలో మూడు దిక్కులకు మూడు తీరులు. మాను పొడవున ముడుచుట లెక్కకు రానంత తక్కువ, వందకు 0.1 లేక 0.2 పాలు. మూలుగునుండి బెరడువైపు కొంత, వలయముల వెంబడి అంతకు రమారమి రెట్టింపు. చక్కెర మేపుల్ అను అమెరికా కొయ్యకు ఈ రెండు లెక్కలును వందకు 4.8, 9.9. మన టేకు పెట్టినపేరు, దానికి 2.5, 5.8 మాత్రమే. తలుపులకు, ఓడలకు టేకును వెదకుటలో మర్మమిదియే. వలయముల వెంబడి ఎక్కువ, అడ్డముగ తక్కువ ముడుచుకొనినచో నిండుదుంగ ఏమి చేయవలెను? మూలుగునుండి అంచు వఱకు పగులవలెను. కట్టెల అడితిలో ఏ దుంగ కొసనైనను చూడుడు, సూర్యకిరణములవంటి పగుళ్లు కనబడును. అందుచే తరిమెనవాడు మూలుగును తప్పించి దుంగను నిలువున రెండుగ చీల్చి ఒక సగమునుండి గిన్నె తీయును. 40 సెంటీమీటర్ల గిన్నెకు ఆ లెక్కన అంతకంటె లావైన మాను కావలెను. అట్టి మాను పెరుగుటకు ఒక మనిషి జీవితకాలము కావలెను.

అందువలన పలకలు. ఒక అంగుళము మందపు పలకను పగులకుండ ఆరబెట్టుట దుంగను ఆరబెట్టుటకంటె ఎంతయో తేలిక. సన్నని చెట్టునుండియు పలక వచ్చును. పలకలను పేర్చి ఒకటిగ చేయవలెనను ఊహ ప్రాచీనమే. ఈజిప్టులోనే సక్కారా మెట్ల పిరమిడ్ వద్ద మూడవ రాజవంశమునాటి శవపేటిక ముక్క యొకటి దొరికినది. అందు ఆరు పలుచని కొయ్యపొరలు ఒకదానిపై నొకటి, నార ఒకదాని కొకటి అడ్డముగ నుండునట్లు పేర్చబడియున్నవి. వానిని పట్టి యుంచినది జిగురు కాదు, చిన్న కొయ్యమేకులు. నాలుగువేల ఆరువందల యేండ్ల నాటి ఆ వడ్రంగి నార దిక్కుల గుట్టును ఎఱుగును.

జిగుళ్ల చరిత్ర వేఱొక పెద్ద ప్రసంగమునకు చాలును. దానిని ఇచ్చట త్వరగ దాటిపోదుము. పన్నెండవ శతాబ్దమున థియోఫిలస్ అను క్రైస్తవ సన్న్యాసి చేతిపనులను గూర్చి వ్రాసిన లాటిన్ గ్రంథమున జున్ను, సున్నము కలిపిన జిగురుతో పలకలను అతుకు విధము చెప్పెను. అంతకు ఆఱువందల యేండ్లకు ముందే మన వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపమునకు ఒక అధ్యాయమే కేటాయించెను. ఒక పాకమున పచ్చి తుమికికాయలు, వెలగకాయలు మున్నగునవి, మరియొక పాకమున పశువుల కొమ్ములు, చర్మము. అది ఆలయములకు, విగ్రహములకు ఉద్దేశించినదే గాని గిన్నెలకు కాదు. అయినను జంతుచర్మమునుండి జిగురు తీయుట మనకు ఎంత పాతదో దానివలన తెలియును. ఈ పాత జిగుళ్లకు ఒక్కటే శత్రువు, నీరు. చర్మపు జిగురు తడికి మెత్తబడును. జున్ను జిగురునకు ఉక్కలో బూజు పట్టును. ప్రతిదినము తడియు సలాడ్ గిన్నెకు ఇవి యేమి నిలుచును?

తడికి ఓర్చు జిగురును వెదకించినది వంటయిల్లు కాదు, యుద్ధము. 1937లో ఇంగ్లండున నార్మన్ డి బ్రూయిన్ అను శాస్త్రజ్ఞుడు యూరియా, ఫార్మాల్డిహైడులనుండి ఏరోలైట్ అను జిగురును రూపొందించెను. 1940 నవంబరు 25న మొదట ఎగిరిన మస్కిటో విమానము దేహమంతయు కొయ్యయే. నడుమ తేలికయైన బాల్సా, దాని కిరువైపుల బర్చి ప్లైవుడ్. మొదట జున్ను జిగురుతో అతికి, పిదప ఫార్మాల్డిహైడు జిగురునకు మారిరి. 1944లో ఈ విమానములు కొన్ని భారతదేశమున గాలిలోనే విరిగిపోయి మనుష్యులు మరణించిరి. మిగిలినవానిని నేలపై నిలిపివేసిరి. నేరము మొదట మన యెండకును, వానకును, జిగురునకును వేసిరి. తరువాతి విచారణలో తేలినది వేఱు. కర్మాగారమున రెండు కొయ్యలను సరిగ కలుపకుండ, సందులు మిగిల్చి అతికిరి. జిగురు సందును నింపినది గాని బంధమును నిలుపలేదు. మేము ఈ విషయమును ఇంత దూరము తెచ్చుట ఊరక కాదు. అతుకు బలము జిగురులో సగమే. రెండు ముఖములు ఒకదానిపై నొకటి వెలుగు దూరకుండ కూర్చొనుటలో మిగిలిన సగము. చిత్రిక పట్టువాని చేతి మెలకువపై ఒక విమానము ఆధారపడినది, ఒక గిన్నెయు ఆధారపడును.

యుద్ధము ముగిసిన పిమ్మట ఈ జిగుళ్లు బజారునకు వచ్చినవి. 1912లో జర్మనీలో ఫ్రిట్జ్ క్లాట్టె కనుగొన్న పదార్థమునుండి వచ్చిన తెల్లజిగురు ప్రపంచమంతటను వడ్రంగి చేరువకు వచ్చినది. మన దేశమున 1959 నుండి ఫెవికాల్ అను పేరుతో దొరికినది అట్టిదే. అమెరికాలో అప్పటికే కొయ్యగిన్నె వంటయింటినుండి కళామందిరమున అడుగిడియుండెను. జేమ్స్ ప్రెస్టినీ 1930లలో గిన్నెలు చేయ మొదలిడి, కొయ్యను పింగాణివలె పలుచగ తీసెను. అతని గిన్నెలను న్యూయార్కు నవీనకళా ప్రదర్శనశాల సేకరించినది. యుద్ధము చేయనొల్లని మనస్సాక్షి కలవారిని ప్రభుత్వము శిబిరములలో ఉంచగా, బాబ్ స్టాక్స్‌డేల్ అట్టి శిబిరములోనే తరిమెనపై గిన్నెలు తీయ మొదలిడి, తరువాత కాలిఫోర్నియాలో అరుదైన కొయ్యలనుండి గిన్నెలు తీయుచు 2003 వఱకు జీవించెను. వీరిరువురును ఒంటికొయ్య పక్షమువారు. కెంటకీ రాష్ట్రమున బెరియా కళాశాలలో 1937నుండి నలువది యేండ్లు చేతిపనులు నేర్పిన రూడ్ ఓసోల్నిక్ వేఱు త్రోవ త్రొక్కెను. అతడు బర్చి ప్లైవుడ్ పలకలను దొంతరగ అతికి తరిమెన పట్టెను. దాచవలసిన అతుకులను బయట పెట్టుటయే అతని ప్రత్యేకత. ఉలి వంపుగ దిగుకొలది పొరల అంచులు కొండవాలున చెక్కిన మెట్లచేలగట్లవలె గిన్నె చుట్టును గీతలు తీర్చును. మా కంటికి ఈ గిన్నెలు ప్రెస్టినీ గిన్నెలకు ఏమాత్రము తీసిపోవు.

పలకలనుండి పెద్ద గిన్నె చేయువిధము ఇక చెప్పెదము. మొదట రెండు మూడు అంగుళముల వెడల్పు గల కొయ్యపట్టెలను ప్రక్కప్రక్కన అతికి 40 సెంటీమీటర్ల చదరపు పలకను చేయుదురు. మందము 2.5 సెంటీమీటర్లు. నల్లని వాల్‌నట్, తెల్లని మేపుల్ ఒకటి విడిచి ఒకటి పెట్టినచో పట్టుచీర అంచువంటి చారలు వచ్చును. దానిని చక్రముగ కోసి, అందు ఒకదాని లోపల ఒకటిగ వలయములు గీయుదురు. ఱంపపు బల్లను 45 డిగ్రీలు వంచి, సన్నని రంధ్రముగుండ ఱంపపుపట్టెను దూర్చి ఆ వలయములను ఏటవాలుగ కోయుదురు. చూచుటకు చిన్న ఉపాయము, ఫలము పెద్దది. పై వలయపు అడుగు సరిగ దాని లోపలి వలయపు తల అంత యుండును. కనుక లోపలివానిని ఒకదాని క్రింద ఒకటిగ దింపి పేర్చినచో మెట్లు లేని గరాటువంటి గోడ వచ్చును. 20 సెంటీమీటర్ల అర్ధవ్యాసము గల చక్రమునుండి 2.5 సెంటీమీటర్ల చొప్పున నాలుగు వలయములు, నడుమ మిగిలిన బిళ్ల అడుగు. అయిదు వరుసలకు ఎత్తు 12.5 సెంటీమీటర్లు. మనము మొదట వేసిన లెక్కలోని గిన్నెయే ఇది. దానికి 14 కిలోల మొద్దు వలసినది, దీనికి 2.8 కిలోల పలక చాలినది. ఱంపపు కోత మందమును మాత్రము లెక్కనుండి విడిచితిమి. లేలీ ఒకే మొద్దున గిన్నె లోపల గిన్నెను చూచెను. ఇతడు ఒకే పలకలో వలయము లోపల వలయమును చూచును. రెండును ఒకే పొదుపు.

పేర్చునపుడు నార దిక్కు తప్పరాదు. ప్లైవుడ్‌లో పొరలు కాగితమువలె పలుచన గనుక అడ్డముగ పెట్టినను ఒకదాని నొకటి పట్టియుంచును. అంగుళపు పలకలు అట్లు కావు. వానకాలమున చెమ్మకు మేపుల్ పలక నార కడ్డముగ వందకు ఒక పాలు ఉబ్బినదనుకొందము. 40 సెంటీమీటర్లకు అది 4 మిల్లీమీటర్లు. నార వెంబడి ఉబ్బు దాదాపు లేదు. ఒక వరుస ఇటు, తరువాతి వరుస అటు పెట్టినచో ఆ 4 మిల్లీమీటర్ల తగవున జిగురో కొయ్యయో ఏదో యొకటి తెగితీరును. అన్ని వరుసల నారను ఒకే దిక్కున నిలిపినచో గిన్నె మొత్తము వానకాలమున ఇంచుక అండాకారమునకు తిరిగి, వేసవిలో మరల సర్దుకొనును. ఎవరికిని తెలియదు.

ఇంకొక పద్ధతిలో ప్రతి వలయమును చిన్న చిన్న తునకలు కూర్చి చేయుదురు. నార వలయము వెంబడి తిరుగుటచే ఉబ్బుట, ముడుచుట చుట్టును సమానముగ నుండును. కాని కోత కష్టము. 12 తునకలైన ప్రతి కొసయు 15 డిగ్రీలకు తెగవలెను. కొసలు 24. ఒక్కొక్క కోత డిగ్రీలో పదవవంతు తప్పినను మొత్తము 2.4 డిగ్రీల ఎడము. అంచు వద్ద 8 మిల్లీమీటర్లకు పైగ సందు. ఆ సందును జిగురుతో నింపు వారున్నారు. అది మస్కిటో విమానము కథయే.

అతికి, బిగించి, ఒక రేయి ఆగి, తరిమెనకు ఎక్కింతురు. అప్పుడును తొందర పనికిరాదు. నిమిషమునకు 500 చుట్లు తిరుగు 40 సెంటీమీటర్ల గిన్నె అంచు సెకనుకు 10 మీటర్లకు మించి పరుగెత్తును. వేగము రెట్టింపైన అతుకును చీల్చు బలము నాలుగింతలగును. అందుచే గిన్నె ఎంత పెద్దదో తరిమెన అంత మెల్లగ తిరుగవలెను. ముఖమునకు కప్పు లేకుండ ఈ పని చేయరాదు.

మన వైపు చూతము. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున ఏటికొప్పాక కలదు. అంకుడుకర్రను తరిమెనకు బిగించి, తిరుగుచుండగనే లక్కకడ్డీని ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యను పట్టుకొనును. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. అంకుడు లావెక్కదు గనుక వస్తువు కర్ర లావును మించదు. కొండపల్లిలో త్రోవ వేఱు. తెల్లపొణికి కొయ్యతో ఏనుగు దేహమొకటి, తొండమొకటి, అంబారీ యొకటి వేఱువేఱుగ చెక్కి, చింతగింజల పిండి, ఱంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. అతుకు ఎచ్చట నున్నదో కంటికి దొరకదు. ఏటికొప్పాకవారు త్రిప్పుదురు గాని అతుకరు. కొండపల్లివారు అతుకుదురు గాని త్రిప్పరు. మేము వర్ణించిన మరిగెకు ఈ రెండును కావలెను. అంకుడుకర్రను పట్టెలుగ కోసి అతికి త్రిప్పినచో ఎంత పెద్ద లక్కగిన్నె రాదు? మక్కు తడికి ఆగదు గనుక జిగురు మాత్రము క్రొత్తది కావలెను. ప్రయత్నింపదగిన పని యని మాకు తోచుచున్నది.

కొన్నవారికి ఒక మాట. 1936లో జార్జి రెక్టర్ అను అమెరికా భోజనశాలాధిపతి కొయ్య సలాడ్ గిన్నెను ఎన్నడును కడుగరాదని, తుడిచి పెట్టవలెనని ఒక వారపత్రికలో వ్రాయగా చాలమంది నమ్మిరి. నూనె కొయ్యలో ఇంకి కొన్నాళ్లకు కనరువాసన కొట్టును. కడుగవలసినదే; నీట నానబెట్టరాదు, కడిగిన వెంటనే తుడిచి నీడను ఆరబెట్టవలెను. అతుకుల గిన్నె కొనునపుడు కన్నులు మూసి బొటనవ్రేలి గోటితో గోడ వెంబడి గీయుడు. అతుకు గోటికి తగులకుండ దాటినచో పలక బాగుగ ఆరిన పిదపనే అతికిరి. మెట్టు తగిలినచో పచ్చికొయ్యను అతికి అమ్మిరి. అది రెండు వర్షాకాలములు చూడదు.